కత్తెర ఎత్తు కాదు, మొక్క మొదలు చూడాలి: గడ్డిని పోలిన అలంకార మొక్కల కత్తిరింపుపై పునరాలోచన

నగరాల్లో రహదారి డివైడర్ల మీద, ఉద్యానవనాల్లో, విద్యాసంస్థల ఆవరణల్లో గడ్డిని పోలిన అలంకార మొక్కలు నేడు సాధారణ దృశ్యం. ఊదారంగు ఫౌంటెన్ గడ్డి, గొడుగు తుంగ, బాటల అంచున నాటే ఓఫియోపోగాన్, లిరియోప్, వాలు కట్టల మీద వట్టివేరు వీటిలో ముఖ్యమైనవి. ఇవన్నీ డ్యురాంటా, నూరు వరహాలు వంటి పొద మొక్కల పక్కనే, ఒకే వరుసలో పెరుగుతుంటాయి. కత్తిరింపు రోజు వచ్చినప్పుడు ఒకే యంత్రం ఒకే ఎత్తులో ఆ వరుస మొత్తం మీదుగా సాగిపోతుంది. మూడు నాలుగు వారాలకు డ్యురాంటా కొత్త చిగుళ్లతో గుబురుగా తయారవుతుంది. దాని పక్కన ఉన్న గడ్డి దుబ్బు మాత్రం మొండి కొనలతో, ఎండిన అంచులతో, చదునుగా కొట్టిన చీపురులా నిలిచి ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మరోసారి కత్తిరిస్తారు. రెండు మూడేళ్లకు దుబ్బు నడుమ బోడిపడుతుంది. అప్పుడు మొక్కను పీకివేసి కొత్తది నాటుతారు. నష్టానికి కారణం నాసిరకం మొక్కలని, నీరు చాలలేదని, ఎండ ఎక్కువైందని నమోదవుతుంది. కత్తిరింపు పద్ధతే కారణమై ఉండవచ్చన్న అనుమానం అరుదుగా కలుగుతుంది.

ఈ లోపం తోటమాలిది కాదు. పొద మొక్కల కత్తిరింపు సూత్రాన్ని గడ్డిజాతికి యథాతథంగా వర్తింపజేసిన సలహాది. కత్తిరింపు ఎత్తును, కాలాన్ని మొక్క పెరుగుదల స్థానం నిర్ణయించాలే తప్ప తోట నిర్వహణ పట్టిక నిర్ణయించకూడదు. విస్తరణ సలహాలు, ఉద్యాన విద్యార్థుల ప్రయోగ పాఠాలు ఈ ప్రాతిపదిక మీద తిరిగి రాయబడవలసిన అవసరం ఉంది.

పొదకు, దుబ్బుకు ఉన్న తేడా

పొద మొక్క కాండం మీద ప్రతి ఆకు మొదట్లో ఒక గ్రీవపు మొగ్గ ఉంటుంది. కొన తీసివేస్తే ఆ మొగ్గలపై ఉన్న అదుపు తొలగి, కోతకు దిగువన కొత్త కొమ్మలు వస్తాయి. కత్తిరించిన కొద్దీ పొద చిక్కబడటానికి ఇదే కారణం.

దుబ్బుకట్టే గడ్డిలో అమరిక వేరు. శాకీయ దశలో దాని పెరుగుదల బిందువు నేలకు దగ్గరగా, ఆకు ఒరల మధ్య భద్రంగా ఉంటుంది. ఆకు కొన వైపు నుంచి కాక అడుగు భాగం నుంచి పెరుగుతుంది. పశువులు మేసినా పచ్చిక తిరిగి లేవడానికి ఈ అమరికే ఆధారం. అయితే ఇందులో ఒక పరిమితి ఉంది. పూర్తిగా ఎదిగిన ఆకును సగానికి కోస్తే అది మళ్లీ పొడవదు. కోసిన కొన ఎండి, ఆకు రాలేవరకు అలాగే మిగులుతుంది. పూత దశలో కాండం సాగినప్పుడు పెరుగుదల బిందువు కూడా పైకి లేస్తుంది. ఆ సమయంలో కాండాన్ని నరికితే దాని పెరుగుదల అంతటితో ముగుస్తుంది. కొత్త పెరుగుదల రావలసింది కుదురులోని మొగ్గల నుంచి, అంటే పిలకల రూపంలో.

కాబట్టి అలంకార గడ్డిని నడుమకు కోయడం రెండు విధాలా నష్టం. పైభాగపు అందం పోతుంది. అడుగు భాగానికి వెలుతురు, గాలి అందక పిలకలు కూడా రావు. ఎండిన మోళ్లు కుదురులోనే చిక్కుకుని తేమను పట్టి ఉంచుతాయి. ఏడాదికి ఒక్కసారి కుదురుకు కొద్దిగా పైన కోసి, మిగిలిన కాలమంతా దుబ్బును దాని సహజ రూపంలో వదిలివేయడం ఇంతకంటే మేలైన పద్ధతి.

పంట పొలంలో తెలిసిన పాఠం

ఈ సూత్రం తెలుగు రైతుకు కొత్తది కాదు. నిమ్మగడ్డి సాగుచేసే రైతు నేల నుంచి 10–15 సెం.మీ. ఎత్తు వదిలి కోస్తాడు. అంతకు దిగువకు కోస్తే తిరిగి చిగురించే భాగం దెబ్బతింటుందని, మరీ పైకి కోస్తే ఆకు దిగుబడి పోతుందని అతనికి తెలుసు. చెరకు కార్శి తోటలో దీనికి భిన్నంగా మోళ్లను భూమట్టానికి నరకాలని సిఫారసు చేస్తారు. నేలలోపలి మొగ్గల నుంచి వచ్చిన పిలకలు సొంత వేర్లతో బలంగా నిలుస్తాయి. పైన మిగిలిన మోడు కణుపుల నుంచి వచ్చినవి అంత బలంగా నిలవవు. రెండూ గడ్డి కుటుంబానికి చెందిన పంటలే. ఒకదానికి 15 సెం.మీ., మరొకదానికి భూమట్టం అని సిఫారసు వేరుపడటానికి కారణం తిరిగి మొలవవలసిన మొగ్గ ఉన్న చోటు వేరు కావడమే.

వట్టివేరు మూడవ ఉదాహరణ. నేలకోత నివారణకు వట్టివేరు కంచెలను 1980వ దశకంలో ప్రపంచ బ్యాంకు భారతదేశంలో విస్తృతంగా ప్రచారం చేసింది. ఇక్కడ కత్తిరింపు ఉద్దేశం వేరు. ఒండ్రును ఆపే దట్టమైన అడ్డుకట్ట ఏర్పడాలి. అందుకే కంచెను 30–50 సెం.మీ. ఎత్తులో కోసి పిలకలను ప్రోత్సహిస్తారు. అదే వట్టివేరును తోటలో అందం కోసం పెంచినప్పుడు ఇంత తరచుగా కోయవలసిన అవసరం లేదు. ఒకే మొక్క విషయంలో సైతం ప్రయోజనాన్ని బట్టి ఎత్తు మారుతున్నప్పుడు, అన్ని మొక్కలకు కలిపి ఒకే ఎత్తు నిర్ణయించడం శాస్త్రీయం కాదు.

పొలంలో ఇంత స్పష్టంగా ఉన్న విచక్షణ తోట గోడ దాటి లోపలికి రాకపోవడం ఆశ్చర్యకరం. అలంకార మొక్కలను అందం కోణం నుంచే తప్ప పంట శరీరధర్మ కోణం నుంచి చూడకపోవడం ఇందుకు ఒక కారణం. కత్తిరింపు పాఠం అనగానే గులాబీ, ద్రాక్ష, జామ గుర్తుకు రావడం మరో కారణం.

గడ్డి, తుంగ, రష్: గుర్తింపే మొదటి మెట్టు

సన్నని, పొడవైన, పచ్చని ఆకు ఉన్న ప్రతి మొక్కనూ వాడుకలో గడ్డి అనే పిలుస్తారు. కత్తిరింపు దృష్ట్యా ఈ కలగలుపు ప్రమాదకరం. పోయేసి కుటుంబపు అసలైన గడ్డిలో కాండానికి ఉబ్బెత్తు కణుపులుంటాయి. కణుపుల మధ్య భాగం చాలా జాతుల్లో బోలుగా ఉంటుంది. సైపరేసి కుటుంబపు తుంగలో కాండం సాధారణంగా మూడు పలకలుగా ఉంటుంది. ఆకులు మూడు వరుసల్లో అమరుతాయి. జుంకేసి కుటుంబపు రష్ మొక్కల్లో కాండం గుండ్రంగా, నున్నగా, కణుపులు కనిపించకుండా, లోపల బెండుతో ఉంటుంది. కాండాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య తిప్పి చూస్తే చాలావరకు తేడా తెలిసిపోతుంది. విద్యార్థికి ఈ పరీక్ష నేర్పడానికి పది నిమిషాలు చాలు.

తెలుగు రాష్ట్రాల తోటల్లో విస్తారంగా కనిపించే తుంగజాతి అలంకార మొక్క గొడుగు తుంగ. ఆఫ్రికా, మడగాస్కర్ ప్రాంతాలకు చెందిన ఈ మొక్కలో అసలు ఆకులు కాండం మొదట్లో ఒరలుగా క్షీణించి ఉంటాయి. పైన గొడుగు ఊచల్లా విచ్చుకునేవి పుష్పపుచ్ఛాలు. ఆహారం తయారుచేసే పని చాలావరకు వీటిదే. పొడవు తగ్గించాలని కాండాన్ని నడుమకు నరికితే గొడుగు పోయి వట్టి పుల్ల మిగులుతుంది. ఆ పుల్ల మీద మరో గొడుగు రాదు. క్రమంగా అది పసుపుపచ్చగా మారి ఎండుతుంది. ముదిరిన, పసుపు తిరిగిన కాండాలను ఒక్కొక్కటిగా కుదురు దగ్గర కోసివేయడమే దీనికి తగిన కత్తిరింపు. పచ్చిగా ఉన్న గొడుగులను కోయవలసి వస్తే వాటిని పారవేయనవసరం లేదు. పుచ్ఛాలను సగానికి తగ్గించి నీటిలో తలకిందులుగా ఉంచితే వాటి మొదట్లో వేర్లు, పిల్ల మొక్కలు వస్తాయి. తప్పుగా చేస్తే వ్యర్థమయ్యే భాగమే సరిగా చేస్తే నారుగా ఉపయోగపడుతుంది.

జుంకస్ ప్రజాతి రష్ మొక్కలు ప్రధానంగా చల్లని, తేమ ప్రాంతాలకు చెందినవి. మైదాన ప్రాంతపు తోటల్లో అరుదు. అయినా వీటి విషయంలో జపాన్ రైతుల అనుభవం గమనించదగినది. కుమమోతో ప్రాంతంలో తతామి చాపల కోసం ఈ మొక్కను పంటగా పండిస్తారు. వేసవి కోతకు ముందు, మే నెలలో, పైరు కొనలను ఒకసారి కోస్తారు. కోసిన కాండం తిరిగి పొడవుతుందన్నది దీని ఉద్దేశం కాదు. గుబురు తగ్గి కుదురుకు వెలుతురు తగలాలి, కొత్త మొలకలు లేవాలి అన్నదే ఉద్దేశం. చాపకు పనికివచ్చే పొడవైన కాండాలు ఆ మొలకల నుంచే లభిస్తాయి. కత్తి కొన మీద ఆడినా రైతు దృష్టి కుదురు మీదే ఉందన్నమాట.

ఇక ఓఫియోపోగాన్, లిరియోప్ మొక్కలు గడ్డి, తుంగ, రష్ కుటుంబాల్లో దేనికీ చెందవు. ఇవి ఆస్పరాగేసి కుటుంబానికి చెందినవి, సతతహరితాలు, నెమ్మదిగా పెరిగేవి. వీటిని పచ్చికలా తరచుగా కోస్తే కోలుకునే శక్తి నశిస్తుంది. ఆకులు బాగా ముదిరి, కొనలు మాడినప్పుడు, కొత్త ఆకులు తొంగిచూడకముందు ఒకసారి కోయవచ్చు. కొత్త ఆకులు లేచిన తరువాత కోస్తే వాటి కొనలు తెగి, ఏడాదంతా మొండిగా కనిపిస్తాయి. మిగిలిన కాలంలో ఎండిన ఆకులను చేత్తో ఏరివేయడమే చాలు.

అరువు తెచ్చుకున్న రుతువు

ఎత్తు తరువాత చర్చించవలసింది కాలం. అలంకార గడ్డిని శీతాకాలం చివర, వసంతానికి ముందు కోయాలన్న సలహా తోటపని పుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాల్లో ఆ సలహా సరైనదే. అక్కడ చలికి దుబ్బు పైభాగం ఎండిపోతుంది. ఆ ఎండుభాగం కుదురును మంచు నుంచి కాపాడుతుంది. వసంతంలో నేల వేడెక్కే ముందు దాన్ని తీసివేస్తే కొత్త పిలకలకు దారి ఏర్పడుతుంది.

తెలుగు రాష్ట్రాల మైదానాల్లో మొక్కకు విశ్రాంతినిచ్చేది మంచు కాదు, నీటి కొరత. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. నీటి వసతి లేని డివైడర్ మీద ఫిబ్రవరి చివర దుబ్బును మొదలంటా కోస్తే, కుదురు మూడు నెలలపాటు మండుటెండకు గురవుతుంది. నిల్వ ఉన్న ఆహారంతో ఒకసారి పిలక వేసి, అది వాడిపోయాక మళ్లీ లేవలేని స్థితికి చేరుతుంది. అలాంటి చోట పాత ఆకులే కుదురుకు నీడ. తొలకరికి కాస్త ముందు, లేదా మొదటి వానలు పడగానే కోయడం అక్కడ సమంజసం. క్రమంగా నీరందే ఉద్యానవనంలో ఫిబ్రవరి, మార్చి కోత చేటు చేయకపోవచ్చు. నెల్లూరు వంటి దక్షిణ కోస్తా ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలే ప్రధాన వర్షాధారం. అక్కడ వర్షాధార నాట్లకు ఉత్తర తెలంగాణ కాలపట్టిక సరిపోదు. కనుక సలహాలో నెల పేరుకు బదులు మొక్క దశను, నీటి లభ్యతను పేర్కొనడం మేలు. కొత్త పెరుగుదల మొదలవడానికి కొద్ది రోజుల ముందు కోయాలి అన్న ఒక్క వాక్యం అన్ని మండలాలకూ వర్తిస్తుంది.

కోత కాపాడుతుంది, కోతే చంపుతుంది

కత్తిరింపు ఎత్తు ఎంత నిర్ణాయకమో జమ్ము విషయంలో బాగా తెలుస్తుంది. చెరువుల్లో, కాలువల్లో, కొల్లేరు వంటి సరస్సుల అంచుల్లో పెరిగే జమ్మును కొన్ని ఉద్యాన కొలనుల్లో అందానికి కూడా పెంచుతారు. నీటి అడుగున బురదలో ఉన్న దాని కొమ్ములకు ప్రాణవాయువు ఆకుల్లోని, కాండాల్లోని గాలి గదుల ద్వారా అందుతుంది. నీటి మట్టానికి పైన కోస్తే ఆ మార్గం తెరిచే ఉంటుంది. మొక్క తిరిగి లేస్తుంది. నీటి మట్టానికి దిగువన కోసి, మోళ్లను కొంతకాలం మునిగే ఉంచితే కొమ్ములకు గాలి అందక కుళ్లుతాయి. చెరువులో జమ్మును తొలగించదలచిన వారికి ఇది రసాయనం అవసరం లేని ఉపాయం. కొలనులో జమ్మును నిలుపుకోదలచిన వారికి ఇదే హెచ్చరిక. పనిముట్టు, మనిషి, మొక్క అన్నీ ఒకటే. నాలుగు అంగుళాల తేడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

ఫౌంటెన్ గడ్డి విషయంలో కత్తిరింపు మరో బాధ్యతను కూడా మోస్తుంది. ఊదారంగు ఆకుల రకానికి విత్తనం దాదాపు పట్టదు. పచ్చ ఆకుల అసలు జాతి, పెన్నిసెటమ్ సెటాషియం, విరివిగా విత్తనాలు వేస్తుంది. అవి గాలికి దూరాలకు చేరతాయి. హవాయి దీవుల్లో ఈ గడ్డి లావా నేలలను ఆక్రమించి, కార్చిచ్చులకు ఇంధనంగా మారింది. ఐరోపా సమాఖ్య 2017లో దీన్ని దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. కనుక పచ్చ రకం ఉన్నచోట గింజ రాలకముందే కంకులను కోసివేయడం అలంకారానికి సంబంధించిన పని కాదు, కలుపు నివారణ. అంతకంటే ముందు, విత్తనం వేసే రకాన్ని బీడు భూములను ఆనుకొని నాటకపోవడమే ఉత్తమం. కోసిన కంకులను పశువుల దొడ్డి ఎరువులోనో, బాట పక్కనో వదిలివేస్తే చేసిన పని వృథా అవుతుంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ వాదనపై రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది ఆచరణకు సంబంధించినది. వందల మీటర్ల నాట్లను కొద్దిమంది కూలీలతో నిర్వహించే చోట మొక్కకొక పద్ధతి సాధ్యమా అన్నది సహేతుకమైన ప్రశ్నే. అయితే లెక్క కట్టవలసింది ఒక్కో కోతకు పట్టే సమయాన్ని కాదు, ఏడాది మొత్తం మీద పట్టే సమయాన్ని. పొదలతో పాటు నెలనెలా కత్తిరించే గడ్డి దుబ్బుకు నిజానికి కావలసింది ఏడాదికి ఒక గట్టి కోత మాత్రమే. గొడుగు తుంగకు ఒక్కొక్క కాండాన్ని ఏరడం నిదానమైన పనే కానీ, తరచుగా చేయవలసినది కాదు. గడ్డిజాతిని పొదల వరుస నుంచి వేరుచేసి నాటితే యంత్రాన్ని కూడా నిరభ్యంతరంగా వాడవచ్చు. చిక్కు యంత్రంలో లేదు, కలిపి నాటడంలో ఉంది.

రెండవది ప్రాధాన్యానికి సంబంధించినది. ఆహార పంటల సమస్యలే తీరని స్థితిలో అలంకార గడ్డి మీద పరిశోధన విలాసం కాదా అన్నది. తోటల నిర్వహణకు ప్రజాధనం ఇప్పటికే ఖర్చవుతున్నది. ఏటా మొక్కలు మార్చడానికి అయ్యే వ్యయాన్ని తగ్గించే సమాచారాన్ని విలాసమనలేము. పైగా నిమ్మగడ్డి, వట్టివేరు, చాపలల్లే తుంగ, పశుగ్రాసాలు అన్నింటికీ ఆధారమైన సూత్రం ఒకటే. తోటలో నేర్చుకున్నది పొలంలో పనికివస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దును కూడా గుర్తించాలి. ఎంత సరిగా కోసినా ముదిరిన దుబ్బు నడుమ భాగం ఏదో ఒకనాటికి ఎండుతుంది. కొత్త పిలకలు అంచుల వెంటే వస్తాయి. ఆ దశలో కత్తెర పని ముగిసినట్లే. దుబ్బును గునపంతో లేపి, ఎండిన నడుమ భాగాన్ని తీసివేసి, చుట్టూ ఉన్న పిలకలను విడదీసి నాటుకోవాలి. కత్తిరింపుతో సాధ్యం కాని దాన్ని మరింత కత్తిరింపుతో సాధించబోవడం తోటల్లో తరచుగా జరిగే పొరపాటు.

చేయవలసినవి

విస్తరణ సలహా నాలుగు ప్రశ్నలతో మొదలు కావాలి. తిరిగి మొలిచే మొగ్గ ఎక్కడ ఉంది? మొక్క దుబ్బు కడుతుందా, పాకుతుందా? దాని కొత్త పెరుగుదల ఎప్పుడు మొదలవుతుంది, అప్పటికి నీరు ఉంటుందా? అది గింజ వేసి వ్యాపించేదా? ఈ నాలుగింటికి జవాబు దొరికితే ఎత్తు, కాలం, పనిముట్టు వాటంతట అవే తేలుతాయి. దట్టంగా పాకే గరికను తరచుగా, తక్కువ ఎత్తులో కోయవచ్చునని, అయినా ఒక్కసారి ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదని చెప్పే పచ్చిక సూత్రం కూడా ఈ ప్రశ్నల్లోనే ఇమిడి ఉంది.

వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం తమ ఆవరణల్లోనే చిన్న ప్రదర్శన మడులు ఏర్పాటు చేయవచ్చు. ఫౌంటెన్ గడ్డి వంటి ఒకే రకాన్ని 5, 10, 15, 30 సెం.మీ. ఎత్తుల్లో, తొలకరికి ముందు ఒకసారి, వేసవి ఆరంభంలో ఒకసారి కోసి, పిలకల సంఖ్యను, బతికిన దుబ్బుల శాతాన్ని, ఏడాదికి పట్టిన కూలి గంటలను నమోదు చేయాలి. స్నాతకోత్తర విద్యార్థికి ఇది ఒక ఏడాదిలో పూర్తయ్యే అంశం. సమశీతోష్ణ దేశాల సిఫారసుల స్థానంలో స్థానిక అంకెలు ఆ విధంగానే వస్తాయి. కడియం వంటి నర్సరీ కేంద్రాల నుంచి మొక్కలు బయలుదేరేటప్పుడే కుటుంబం పేరు, కోత ఎత్తు తెలుగులో రాసిన చీటీ జతచేసేలా నర్సరీదారులకు శిక్షణ ఇవ్వడం మరో ఉపయోగకరమైన అడుగు. నిర్వహణ ఒప్పందాల్లో కత్తిరింపును చదరపు మీటర్లలో కాక మొక్కల వర్గాల వారీగా పేర్కొనాలి.

తోటమాలి భద్రత ఈ సలహాలో అంతర్భాగం కావాలి. పాంపస్ గడ్డి వంటి వాటి ఆకు అంచులు సిలికా పళ్లతో రంపంలా ఉండి చర్మాన్ని కోస్తాయి. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. పాములు దుబ్బుల్లో తలదాచుకుంటాయి కనుక చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడాలి. కోతకు ముందు దుబ్బును తాడుతో బిగించి కడితే చెత్త చెదరకుండా కట్టగా చేతికి వస్తుంది. గింజ లేని ఆకును మొక్కల మొదళ్లలో పరిస్తే తేమ నిలుస్తుంది. దుబ్బుకు అక్కడే నిప్పు పెట్టడం వల్ల కుదురు, పక్క మొక్కలు, గాలి అన్నీ చెడతాయి.

ఏ మొక్కకైనా కోత ఒక గాయమే. పొద ఆ గాయం దగ్గరే చిగురిస్తుంది. గడ్డి, తుంగ, రష్ నేలను ఆనుకున్న కుదురు నుంచి కోలుకుంటాయి. కొడవలి పట్టిన రైతు తరతరాలుగా వంగి మొదలు చూసి కోస్తున్నాడు. నిలబడి యంత్రం నడిపే తోటమాలికి ఆ చూపును అందించడం విస్తరణ శాస్త్రవేత్తల పని, రేపు ఆ బాధ్యత స్వీకరించబోయే విద్యార్థుల పని.